మేపుల్ సిరప్: చెట్టు నుంచి సీసా దాకా

మేపుల్ చెట్ల రసాన్ని కాచి చేసే తీయటి పాకమే మేపుల్ సిరప్. కెనడాలోని క్యూబెక్‌లో, అమెరికాలోని వెర్మాంట్‌లో ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా ఈ పని సాగుతుంది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు 4–5 డిగ్రీల వెచ్చదనం ఉంటేనే రసం కారుతుంది.

కనీసం 25 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న చెట్టుకే, 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో, లోపలికి కాస్త ఎగువాలుగా 4–5 సెంటీమీటర్ల రంధ్రం చేయండి. రంధ్రం నుంచి చెక్కపొట్టు లేతరంగులో రావాలి. ముదురు గోధుమరంగులో వస్తే అది చచ్చిన కలప, రసం రాదు. రసం కారే గొట్టాన్ని ఆ రంధ్రంలోకి మెల్లగా దించండి. గట్టిగా బాదితే చెట్టు చీలి రసం పక్కల నుంచి పోతుంది.

రసం పాలలాగే పాడవుతుంది, చల్లగా ఉంచి త్వరగా కాచేయాలి. దాదాపు 40 లీటర్లకు ఒక్క లీటరే సిరప్. అంత ఆవిరి ఇంట్లో వద్దు, ఆరుబయటే కాచండి. పొంగితే చిటికెడు వెన్న చాలు. అసలు మెలకువంతా పొయ్యి మీంచి దించడంలోనే ఉంది: ఆ రోజు అక్కడ నీళ్లు మరిగే వేడికంటే 4 డిగ్రీలు ఎక్కువ రాగానే దించేయాలి. ముందే దించితే బూజు పడుతుంది, ఆలస్యమైతే సీసాలో చక్కెర పలుకులు కడుతుంది. వేడిమీదే ఉన్నిగుడ్డలో వడకట్టి, 85 డిగ్రీల దగ్గర సీసాలకు పోయండి.

కొంత సిరప్‌ను 113 డిగ్రీల దాకా కాచి, శుభ్రమైన మంచుమీద ధారగా పోసి, పుల్లకు చుట్టుకు తినడం క్యూబెక్ ఆనవాయితీ. దీన్ని మాత్రం వదులుకోవద్దు!

మొగ్గలు విచ్చితే రసం రుచి చెడుతుంది, గొట్టాలు తీసేయండి. రంధ్రాన్ని చెట్టే పూడ్చుకుంటుంది.