ముసలి కుక్క ఉన్నట్టుండి ఇంట్లో మూత్రం పోస్తుంటే ఏం చేయాలి

ఏళ్ల తరబడి గేటు దాటితే తప్ప కాలెత్తని కుక్క, ఒకనాడు పడసాలలో తాను పడుకున్న చోటే తడి చేసిందంటే ఇంట్లో మొదట వినిపించే మాట "దానికి వయసైపోయింది" అన్నదే. వయసైపోయిన మాట నిజమే కావచ్చు గానీ, ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుంటే కుక్కకు అన్యాయం జరుగుతుంది. ఈ ఇబ్బందికి మూలమైన జబ్బుల్లో చాలావాటికి మందు ఉంది, కొన్నింటిని ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి నేల తుడవడం ఎలాగన్నది తర్వాత చూసుకోవచ్చు. ఇది ఏ రకం తడి అన్నది ముందుగా తెలుసుకోవాలి.

ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. కుక్క, ముఖ్యంగా మగ కుక్క, మాటిమాటికీ మూత్రానికి నిలబడి ముక్కుతున్నా చుక్క కూడా రాకపోతే మూత్రనాళంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు. ఆ స్థితిలో రేపు చూద్దాం అనుకోకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్క, ఎదకు వచ్చి వెళ్లిన ఒకటి రెండు నెలల్లో నీళ్లు విపరీతంగా తాగుతూ, తిండి మానేసి, మందకొడిగా పడుకుంటే గర్భసంచిలో చీము పట్టిందేమోనని అనుమానించాలి. చీము బయటికి కారితే గుర్తుపట్టడం తేలిక, కారకుండా లోపలే నిండితే ప్రమాదం ఇంకా ఎక్కువ. వెనక కాళ్లు ఒక్కసారిగా తడబడినా, ఈడ్చుతున్నా వెన్నుపూసలో నరం నలిగిందని భావించి అదే రోజు చూపించాలి. మూత్రంలో రక్తం కనిపించినా, వాంతులు తోడైనా అంతే.

ఇవేవీ లేక, కుక్క మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటే ఒకటి రెండు రోజులు శ్రద్ధగా గమనించడానికి వ్యవధి ఉంటుంది. డాక్టరు అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఆ రెండు రోజుల్లోనే దొరుకుతాయి.

తడిని చదవడం

కుక్క పడుకునే చోట పాత తెల్ల పంచెను నాలుగు మడతలు వేసి పరవండి. రంగు బట్ట మీద ఏమీ తెలియదు. తెల్లవారి లేచాక తడి ఎంత మేర ఉంది, రంగు ఎలా ఉంది, వాసన ఎలా ఉంది అన్నవి చూడండి. నిద్రలో తనకే తెలియకుండా కారి, లేచాక ఆ తడిని చూసి తానే ఆశ్చర్యపడినట్టు నాకుతూ, పగలు మాత్రం బయటికి వెళ్లి మామూలుగా పోసే కుక్కకు మూత్రాశయం మూతి వద్ద ఉండే కండరం పట్టు సడలి ఉండవచ్చు. ఆపరేషన్ అయిన ఆడ కుక్కల్లో, అందులోనూ పెద్ద జాతుల్లో, ఇది తరచుగా కనిపిస్తుంది. ఆపరేషన్ జరిగిన కొన్నేళ్లకు కూడా మొదలు కావచ్చు. దీనికి మాత్రలు ఉన్నాయి, చాలా కుక్కలకు అవి బాగా పనిచేస్తాయి.

మెలకువగా ఉండి, గంటకోసారి కూర్చుని కొద్దికొద్దిగా పోస్తూ, పోసేటప్పుడు నొప్పిగా మూలుగుతూ, ఆ భాగాన్ని అదేపనిగా నాకుతూ ఉంటే మూత్రాశయంలో ఇన్ఫెక్షన్ గానీ, రాయి గానీ, అరుదుగా కణితి గానీ ఉన్నట్టు. ఆపరేషన్ కాని ముసలి మగ కుక్కల్లో ప్రోస్టేట్ గ్రంథి వాపు కూడా ఇలాగే కనిపించవచ్చు, దానితోపాటు మలం పోవడమూ కష్టమవుతుంది.

మూడో రకంలో పోసిన ప్రతిసారీ ఒక మడుగు కడుతుంది, రంగు దాదాపు నీళ్లలా ఉంటుంది, కుక్క గిన్నె దగ్గరే నిలబడి ఉంటుంది. ఇక్కడ లోపం మూత్రాశయానిది కాదు. మూత్రపిండాలు నీటిని నిలపలేకపోవడం, చక్కెర వ్యాధి, అడ్రినల్ గ్రంథి అతిగా పనిచేయడం వల్ల వచ్చే కుషింగ్స్ జబ్బు, వీటిలో ఏదో ఒకటి వెనక ఉండవచ్చు. పొట్ట కుండలా దిగి, ఒంటి మీద బొచ్చు పలచబడి, చల్లటి పూట కూడా రొప్పుతూ ఉంటే కుషింగ్స్ సంగతి డాక్టరుతో ప్రస్తావించండి. మూత్రానికి చీమలు పడుతున్నాయని ఇంట్లో పెద్దవాళ్లు అంటే ఆ మాటను కొట్టిపారేయకండి. చీమలు పట్టినంత మాత్రాన చక్కెర ఉన్నట్టు కాదు, పట్టకపోతే లేనట్టూ కాదు, కానీ పరీక్ష చేయించడానికి అది తగిన కారణమే. గజ్జికో దురదకో ఈ మధ్య ఇంజెక్షన్ వేయించి ఉంటే అది స్టెరాయిడ్ కావచ్చు. స్టెరాయిడ్ వేసిన తర్వాత దాహమూ మూత్రమూ పెరగడం సహజం గనుక ఆ చీటీని కూడా వెంట తీసుకెళ్లాలి. గుండె జబ్బుకు నీరు తీసే మాత్రలు వాడుతున్న కుక్కలకూ ఇదే వర్తిస్తుంది.

ఇక నాలుగో రకం కుక్కకు మూత్రం సంగతి తెలుసు, వెళ్లాలనీ తెలుసు, కీళ్లనొప్పి వల్ల లేచి వాకిలి దాకా చేరేలోపే అయిపోతుంది. తడి ఎప్పుడూ పడక నుంచి వాకిలికి వెళ్లే దారిలోనే ఉంటే ఇదేనని అనుకోవచ్చు. మతి తప్పిన ముసలి కుక్క ఇందుకు భిన్నంగా ఉంటుంది: బయట కాసేపు తిరిగి వచ్చి ఇంట్లో పోస్తుంది, గోడ మూలకు ముఖం పెట్టి నిలబడుతుంది, పగలంతా నిద్రపోయి రాత్రి తిరుగుతుంది. మిగతా జబ్బులన్నీ లేవని తేలాకే మతిమరుపు అన్న నిర్ణయానికి రావాలి.

నీళ్లు కొలవడం

ఈ పని అందరూ చెబుతారు, సరిగ్గా చేసేవారు తక్కువ. ఆరోగ్యంగా ఉన్న కుక్క బరువులో కిలోకు రోజుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది, 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ తాగుతున్నట్టు లెక్క. అంటే 20 కిలోల కుక్క రెండు లీటర్లకు మించి తాగుతుంటే దాన్ని జబ్బు గుర్తుగా తీసుకోవాలి. కానీ అనంతపురం ఎండల్లో, 40 డిగ్రీలు దాటిన రోజున, వాకిట్లో పెట్టిన వెడల్పాటి గిన్నెలో నీళ్లు కుక్క తాగకుండానే తగ్గుతాయి. అందుకే లీటరు సీసాతో కొలిచి గిన్నె నింపేటప్పుడు, అలాంటిదే ఇంకో గిన్నెను అదే కొలతతో నింపి, కుక్కకూ కాకులకూ అందకుండా, గాలీ ఎండా సమానంగా తగిలేచోట పెట్టండి. మర్నాడు అదే వేళకు రెండింటిలో మిగిలిన నీటిని కొలిచి, రెండో గిన్నెలో తగ్గిన దాన్ని మొదటి గిన్నె లెక్కలోంచి తీసేస్తే కుక్క తాగింది తేలుతుంది. ఆ ఒక్క రోజూ పశువుల కుడితి తొట్టిపై పలక మూసి, బాత్‌రూమ్ తలుపు వేసి ఉంచాలి. సంగటిలో కలిపిన మజ్జిగ కూడా నీళ్ల కిందే లెక్క. ఇంట్లో రెండో కుక్క ఉంటే దానికి నీళ్లు వేరే గదిలో పెట్టండి.

ఎక్కువ తాగుతున్నట్టు తేలినా నీళ్లు తగ్గించకండి. నేల తడవకూడదని సాయంత్రం నుంచి గిన్నె తీసి దాచడం మన ఇళ్లలో చాలామంది చేసే పని, నా దృష్టిలో ఈ విషయంలో జరిగే పొరపాట్లన్నింటిలోకీ చెడ్డది అదే. మూత్రపిండాలు నీళ్లను నిలపలేనప్పుడు ఆ లోటు పూడ్చుకోవడానికే కుక్క తాగుతుంది, తాగే నీళ్లు ఆపితే ఒంట్లో నీరు ఎండిపోయి రెండు రోజుల్లో మంచం పడుతుంది.

మూత్రం పట్టడం, పరీక్షలు

మెడికల్ షాపులో మనుషుల మూత్ర పరీక్షకు ఇచ్చే మూత డబ్బా కొనండి. పొడవాటి కాడ ఉన్న స్టీలు గరిటెను వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టి, ఇకమీదట అది వంటింటికి తిరిగి రాదని ఇంట్లో వాళ్లకు చెప్పి పక్కన పెట్టండి. తెల్లవారుజామున మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు పట్టీ పొట్టిగా పట్టుకుని, పోయడం మొదలయ్యాక రెండు క్షణాలు వదిలి, వెనక నుంచి గరిటె చాపండి. ఆడ కుక్క నేలకు ఆనుకుని కూర్చుంటుంది కాబట్టి గరిటె దూరదు, దానికి అంచున్న పల్లెం మేలు. కుక్క బెదిరి ఆపేస్తే వెంటపడకుండా సాయంత్రం మళ్లీ ప్రయత్నించండి. నేల మీద పడినదాన్ని దూదితో పీల్చి తీసుకెళ్లడం వల్ల ప్రయోజనం లేదు. పట్టిన మూత్రాన్ని రెండు మూడు గంటల్లో చేర్చాలి, ఆ లోపు కూడా ఫ్రిజ్‌లో ఉంచాలి. బండి డిక్కీలో ఎండలో ఉడికిన మూత్రం తప్పుడు ఫలితం ఇస్తుంది.

ఇన్ఫెక్షన్ ఏ క్రిమి వల్ల వచ్చిందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకు ఇలా పట్టిన మూత్రం చాలదు, డాక్టరే సన్నటి సూదితో పొట్ట మీదుగా మూత్రాశయం నుంచి తీస్తారు. చూడటానికి భయంగా ఉన్నా కుక్కకు అది పెద్ద నొప్పి కాదు. మూత్రం చిక్కదనం ఎంతో కూడా చూడమని అడగండి. సాపేక్ష సాంద్రత 1.030 దాటితే మూత్రపిండాలు నీటిని బాగానే నిలుపుతున్నట్టు, అది పదేపదే 1.008, 1.012 మధ్యనే నిలిచిపోతే వాటి పనితనం తగ్గిందన్న అనుమానం బలపడుతుంది. రక్తంలో క్రియాటినిన్, యూరియా, చక్కెర చూస్తారు. రాళ్ల అనుమానం ఉంటే ఎక్స్‌రే, గర్భసంచి, ప్రోస్టేట్, కణితి చూడాలంటే స్కానింగ్. ఊళ్లోని పశువుల ఆసుపత్రిలో ఈ సదుపాయాలు లేకపోతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు గానీ, తిరుపతి కళాశాలకు గానీ వెళ్లవచ్చు. హిందూపురం వైపు వారికి బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాల దగ్గర.

మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలను ఈలోగా వేయకండి, కల్చర్‌లో క్రిమి దొరకకుండా పోతుంది. కీళ్లనొప్పి అని మనుషులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇవ్వడం ఇంకా ప్రమాదం, అవి కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. "వేడి చేసింది" అని బార్లీ నీళ్లు కొద్దిగా పోస్తే హాని లేదు గానీ జబ్బు పోదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి మూత్రపిండాల సంగతి తేలేదాకా వద్దు. కొండపిండి, పల్లేరు కాయల కషాయాలకు కుక్కల విషయంలో నమ్మదగిన మోతాదు లేదు, వాటి జోలికి పోవద్దు.

ఇల్లు, పడక, చర్మం

మూత్రం వాసనకు వెనిగర్ పోయమని ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. మన ఇళ్లకు ఆ సలహా పనికిరాదు. కడప నల్లరాయి, తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్లు సున్నపురాతి జాతికి చెందినవి, వెనిగర్, నిమ్మరసం, బాత్‌రూమ్ యాసిడ్ ఏది తగిలినా వాటి పైపొర తినుకుపోయి తెల్లటి మచ్చ పడుతుంది, గరుకైన ఆ చోట తర్వాతి మూత్రం ఇంకా తేలిగ్గా ఇంకుతుంది. ముందు పొడి బట్టను అదిమిపెట్టి తడిని లాగాలి, రుద్దితే రాళ్ల సందుల్లోకి పోతుంది. తర్వాత నీళ్లతో, సబ్బు పొడితో కడిగి, తినే సోడా చల్లి ఆరనిచ్చి తుడవండి. ఎంజైమ్ ఉన్న క్లీనర్ దొరికితే అన్నింటికన్నా మంచిది. బ్లీచింగ్‌ను మూత్రం మీద నేరుగా పోస్తే ఊపిరాడని ఘాటైన వాయువు పుడుతుంది. నల్ల ఫినాయిల్ పాదాలను మంట పుట్టిస్తుంది, కుక్క నాకితే కడుపులోకీ పోతుంది. తుడిచేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, పిల్లలను ఆ చోట వట్టి కాళ్లతో తిరగనివ్వకండి. ఎలుకల మూత్రం ద్వారా కుక్కలకు సోకే లెప్టోస్పైరోసిస్ కుక్క మూత్రం నుంచి మనుషులకూ వస్తుంది. దాని టీకాను ఏటా వేయించాలి.

నున్నగా పాలిష్ పట్టిన అదే రాతి మీద కీళ్లనొప్పి కుక్క కాళ్లు జారుతాయి, జారుతుందన్న భయంతోనే లేవడం మానేస్తుంది. పడక నుంచి వాకిలి దాకా కొబ్బరి పీచు పట్టా పరిస్తే తడి తగ్గిపోయే కుక్కలు ఉంటాయి. ఖర్చు తక్కువైన ఈ పని చాలామందికి చివరన తడుతుంది. పడకను మెట్లు దిగనవసరం లేని చోటికి మార్చండి. కాళ్లు కోసి ఎత్తు తగ్గించిన నవారు మంచం ఎండాకాలంలో గాలి ఆడే మంచి పడక. నేల మీదైతే పసిపిల్లల కింద వేసే రబ్బరు షీటు, దాని మీద పాత నూలు చీర మడతలు చాలు. గోనెసంచి మాత్రం వద్దు, తడి పట్టి ఉంచి మోచేతులను ఒరిపిస్తుంది. తడిసిన బట్టలను మన ఎండ ఒక్క పూటలో శుద్ధి చేస్తుంది.

నిద్ర లేవగానే, తిన్న వెంటనే, పడుకోబోయే ముందు, అవసరమైతే నడిరాత్రి ఒకసారి బయటికి తీసుకెళ్లాలి. మే నెలలో తారు రోడ్డు చల్లబడేది రాత్రి పొద్దుపోయాకే, మధ్యాహ్నం పూట పెరట్లో నీడన తిప్పితే సరిపోతుంది. తడి చేసిందని తిట్టినా కొట్టినా అది దాక్కుని పోయడం నేర్చుకుంటుంది తప్ప ఆపదు.

తడిలో పడుకున్న కుక్కకు తొడల లోపల, పొట్ట కింద చర్మం ఎర్రబడి ఊడుతుంది. ఆ వాసనకు ఈగలు వాలి గుడ్లు పెడితే రోజు తిరిగేలోపు పురుగులు పడతాయి, వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. రోజూ రెండుసార్లు ఆ భాగాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి, పొడవు బొచ్చు ఉంటే కత్తిరించండి. పసిపిల్లలకు రాసే జింక్ ఉన్న క్రీములు నాకితే విషం గనుక డాక్టరు చెప్పిన పూతే వాడాలి. డైపర్ వేస్తే, తోకకు రంధ్రం కోసి, రాత్రిపూటకో ప్రయాణానికో మాత్రమే వేయండి. 40 డిగ్రీల ఎండలో పగలంతా డైపర్‌తో ఉంచితే చర్మం ఉడికిపోతుంది.

మందు మొదలయ్యాక

యాంటీబయాటిక్ ఇచ్చినన్ని రోజులూ, తడి ఆగిపోయినా, పూర్తిగా వేయాలి. అది అయిపోయాక మూత్ర పరీక్ష మళ్లీ అవసరమా అని డాక్టరును అడగండి. పదేపదే తిరగబెట్టే ఇన్ఫెక్షన్ వెనక రాయో, చక్కెర వ్యాధో దాగి ఉండవచ్చు. కండరం పట్టు కోసం ఇచ్చే ఫినైల్‌ప్రొపనాలమైన్ మాత్ర రక్తపోటును పెంచుతుంది కాబట్టి గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్న సంగతి ముందే చెప్పాలి, మధ్యలో రక్తపోటు కొలిపించాలి. ఆ మాత్ర వేస్తున్నా రెండు వారాలకు తడి తగ్గకపోతే మోతాదు మీరే పెంచకండి. ఏ రోజు ఎంత తాగింది, ఎప్పుడు ఎక్కడ తడి చేసింది అని రాసుకున్న కాగితంతో మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.