బీరువా సర్దాలంటే ముందు పెట్టుబడి చీరల లెక్క తేలాలి

హైదరాబాద్ ఇళ్ళలో బీరువాలు నిండేది సగం మనం కొన్నవాటితో, సగం మనకు పెట్టినవాటితో. గృహప్రవేశాలు, ఒడిబియ్యాలు, పెళ్ళిళ్ళు... ప్రతిదానికీ ఓ చీరో, ప్యాంటు షర్టు ముక్కలో వచ్చి పడతాయి. కాబట్టి డబ్బాలూ ఆర్గనైజర్లూ కొనేముందు వీటి సంగతి చూడండి. మనం కట్టుకోబోమని తెలిసినవన్నీ ఒకే సంచిలో వేసి, ఎవరు పెట్టారో చీటీ రాసి మడతలో ఉంచండి. గుండుసూది వద్దు, తుప్పు మరక పడుతుంది. చీటీ మాత్రం తప్పనిసరి. లేకపోతే ఆ చీర తిరిగి వాళ్ళింటికే వెళ్ళే ప్రమాదం ఉంది!

ముసురు పట్టిన రోజున సర్దుడు పెట్టుకోకండి. బట్టల్లోని తేమ మడతల్లోనే ఉండిపోయి బూజు పడుతుంది. ఎండ కాసే రోజు చూసుకుని, ఒక్కో అర ఖాళీ చేస్తూ వెళ్ళండి. అన్నీ ఒకేసారి మంచం మీద పోస్తే రాత్రికి మళ్ళీ అలాగే కుక్కేస్తారు.

ఏడాదిగా తొడగనివి విడిగా తీయండి. పట్టుచీరలకు ఈ లెక్క వర్తించదు. చీర బాగుండి జాకెట్టు బిగుతైతే, జాకెట్టు తిరగేసి పక్క కుట్లు చూడండి. లోపల గుడ్డ వదిలి ఉంటే టైలర్ కుట్టు విప్పి వదులు చేస్తాడు. లేకపోతే పక్కల అతుకు వేయించాలి, లేదా కొత్తది కుట్టించాలి. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళకు వేసే మూటలో అసలు జరీ చీరలు కలవకుండా చూసుకోండి. అందులో వెండి ఉంటుంది.

పట్టుచీరలను ఉతికిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో తేమ చిక్కుకుని జరీ నల్లబడుతుంది. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి, లేదంటే ఆ గీత దగ్గరే చీర చీలుతుంది. పూసలు, రాళ్ళ పని ఉన్నవి హ్యాంగర్‌కు వేస్తే బరువుకి గుడ్డ సాగుతుంది. పని లోపలికి వచ్చేలా మడిచి పడుకోబెట్టండి. నారాయణపేట, పోచంపల్లి కాటన్ చీరలకు గంజి ఉంటే దాచేముందు ఉతికి వదిలించాలి. సిల్వర్‌ఫిష్ పురుగులకు గంజే తిండి.

కలరా ఉండలు జరీకి తగలకూడదు, కర్పూరంతో కలపకూడదు. రెండూ కలిస్తే కరిగి మరకలవుతాయి. జి6పిడి (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్న పసిపిల్లలకు వాటి వాసన పట్టిన బట్టలు రక్తకణాలు దెబ్బతినేంత ప్రమాదం. వాళ్ళ బట్టల దగ్గర అసలే పెట్టకండి.

షర్టులు వేలాడదీయడానికి రాడ్డు కింద 40 అంగుళాల ఖాళీ ఉంటే చాలు. పొడవాటి అనార్కలీలకు 60 దాకా కావాలి. అర లోతు 22 అంగుళాలకు తగ్గితే హ్యాంగర్లు తలుపుకి తగులుతాయి.

వెనక బాత్రూమ్ గోడ ఉన్న కప్‌బోర్డులో పట్టు, ఉన్ని పెట్టకండి. వేరే దారి లేకపోతే తేమ పీల్చే డబ్బా ఒకటి కింది అరలో నిలబెట్టండి, ఒరిగితే అందులో చేరిన నీళ్ళు బట్టల మీద పడతాయి. విడి బీరువా అయితే గోడకి రెండంగుళాలు ఎడంగా జరపండి. స్వెటర్లకు ఇక్కడ డిసెంబర్, జనవరి నెలల్లోనే పని, ఉతికి ఆరబెట్టి అటకెక్కించేయొచ్చు.