మనసులోని బరువును కాగితం మీద దించుకోవడం ఎలా?

ఒత్తిడి వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుందని వినగానే కషాయం కాచుకోవడమో, విటమిన్ సి బిళ్లలు తెచ్చుకోవడమో మనకు అలవాటైపోయింది. కషాయం గొంతుకు హాయినిస్తుందనడంలో సందేహం లేదు గానీ, ఒత్తిడి మనల్ని దెబ్బతీసే దారి వేరు. ఆందోళన మొదలవగానే మెదడులోని హైపోథలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికీ, అక్కడి నుంచి మూత్రపిండాలపైన ఉండే అడ్రినల్ గ్రంథులకూ సంకేతం అంది, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది. అది కాసేపటి వ్యవహారమైతే మేలే. తెల్ల రక్తకణాలు పోరుకు సిద్ధమవుతాయి. నెలల తరబడి సాగితే మాత్రం లింఫోసైట్లు అనే ఒక రకం తెల్ల రక్తకణాలు మందగిస్తాయి, గాయాలు ఆలస్యంగా మానుతాయి. అల్జీమర్స్ రోగులను ఇంట్లో చూసుకుంటున్న 13 మంది మహిళల ముంజేతి మీద చిన్న గాయం చేసి పరిశీలించిన 1995 నాటి అమెరికా అధ్యయనంలో, అది మానడానికి అదే వయసు గల ఇతరుల కంటే సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది.

ఈ ఒత్తిడిని తగ్గించుకోవడానికి నేను ఏళ్లుగా పాటిస్తూ, రోగుల బంధువులకు నేర్పుతూ వస్తున్నది జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980లలో రూపొందించిన రాత పద్ధతి. 1988లో 50 మంది విద్యార్థులపై జరిగిన పరీక్షలో, వరుసగా నాలుగు రోజులు రోజుకు 20 నిమిషాలు తమ బాధను రాసుకున్నవారి లింఫోసైట్లు, మామూలు విషయాలు రాసినవారి కణాల కంటే చురుకుగా స్పందించాయి. న్యూజిలాండ్‌లో హెపటైటిస్ బి టీకా వేయించుకున్న వైద్య విద్యార్థుల్లోనూ ఇలా రాసినవారికి యాంటీబాడీలు ఎక్కువగా ఏర్పడ్డాయి.

కావలసినవి ఒక నోటుపుస్తకం, పెన్ను, తలుపు వేసుకోగల గది. పుస్తకం గీతలు లేనిదై ఉండాలి. ఫోన్‌లో టైపు చేయడాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే మధ్యలో ఒక్క వాట్సాప్ సందేశం వచ్చినా రాత అక్కడితో ఆగిపోతుంది. సాయంత్రం ఒకే వేళకు నాలుగు రోజులు కూర్చోండి. 20 నిమిషాలకు అలారం పెట్టి, పెన్ను ఎత్తకుండా రాయండి. అక్షరదోషాలు దిద్దవద్దు. మాట తోచకపోతే చివరి వాక్యాన్నే మళ్లీ రాయండి.

ఇక్కడి వరకు ఎవరైనా చేస్తారు. ఏమి రాయాలన్న దగ్గరే నూటికి తొంభై మంది దారి తప్పుతారు. మొదటి రోజు కాగితాలు చాలా వరకు పోలీసు ఫిర్యాదుల్లా ఉంటాయి: అత్తగారు ఇలా అన్నారు, ఆయన పట్టించుకోలేదు, మరిది డబ్బు ఇవ్వలేదు. ఇది జరిగిన సంగతే తప్ప మీ మనసు కాదు. కొందరు ఇందుకు విరుద్ధంగా, ఏమి జరిగిందో చెప్పకుండా ఏడుపొస్తోందని మాత్రమే పేజీలు నింపుతారు. 1986లో పెన్నెబేకర్ చేసిన పరిశోధనలో, సంగతిని మాత్రమే రాసినవారికీ, భావాలను మాత్రమే రాసినవారికీ కాక, రెండింటినీ కలిపి రాసినవారికే తరువాతి నెలల్లో వైద్యుని దగ్గరకు వెళ్లే అవసరం తగ్గింది. కాబట్టి ప్రతి సంఘటన పక్కనా అప్పుడు మీకు ఏమనిపించిందో, ఇప్పుడు ఏమనిపిస్తోందో రాయాలి.

అంతకంటే పెద్ద పొరపాటు నాలుగు రోజులూ ఒకే పేజీని తిరగరాయడం. అది పుండును గోకడమే. మూడవ రోజుకు మీ రాతలో "ఎందుకంటే", "ఇప్పుడు అర్థమవుతోంది" వంటి మాటలు కనిపించడం మొదలవ్వాలి. రోజురోజుకూ అటువంటి మాటలు పెరిగినవారికే ఎక్కువ మేలు జరిగిందని పెన్నెబేకర్ తరువాత గమనించారు. అయితే మొదటి రోజే వాటిని బలవంతంగా తెచ్చిపెట్టుకోకండి, అప్పుడది వ్యాసరచన పోటీ అవుతుంది. భాష విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉద్యోగస్థులు ఇంగ్లీషులోకి, పెద్దవారు పుస్తకాల తెలుగులోకి జారుకుంటారు. రెండూ దాక్కోవడానికే పనికివస్తాయి. ఇంట్లో కోపం వచ్చినప్పుడు మీ నోట ఏ మాట వస్తుందో ఆ మాటే కాగితం మీదకు రావాలి.

రాసిన గంటా రెండు గంటలు మనసు మరింత భారంగా ఉండటం సహజమే, అందుకే నిద్రకు ముందు రాయవద్దంటాను. కానీ చేతులు వణికి, ఊపిరి అందక, తట్టుకోలేనంత బాధ కలిగితే ఆ విషయాన్ని వెంటనే వదిలి మరొకటి రాయండి, లేదా ఆపేయండి. ఇంట్లో మరణం సంభవించిన తొలి వారాల్లో ఈ పని అసలు మొదలుపెట్టకూడదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఇది మందు కాదు. వైద్యుని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి.

లాభం ఎంత అన్నదీ దాచను. 2006లో 146 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు సగటు ప్రయోజనం చిన్నదిగానే తేలింది. టీకాకూ, నిద్రకూ ఇది ప్రత్యామ్నాయం కాదు.

అయిదవ రోజు రాయకండి. రాసినది ఎవరికీ, భర్తకు గానీ భార్యకు గానీ చూపించకండి. ఎవరో చదువుతారన్న ఊహ కలిగిన క్షణం నుంచే మనం అబద్ధాలు రాయడం మొదలుపెడతాము. చించి పారేయడానికి మనసొప్పకపోతే బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.