ఫోర్ట్ కొచ్చికి పడవ మీదే వెళ్లండి

కేరళలోని ఎర్నాకుళంలో దిగి, నీళ్లకి అవతల ఉన్న పాత ఊరు ఫోర్ట్ కొచ్చి చూడాలనుకుంటే క్యాబ్ మాట్లాడుకోకండి. వంతెనల మీదుగా చుట్టూ తిరిగి, ట్రాఫిక్‌లో ఉక్కపోతతో అలసిపోతారు. హైకోర్టు టెర్మినల్ దగ్గర వాటర్ మెట్రో (మెట్రో రైల్లాంటి పడవ సర్వీసు) ఎక్కితే ఏసీలో కూర్చుని సుమారు 20 నిమిషాల్లో చేరొచ్చు. ఇంకా చవగ్గా కావాలంటే ఎర్నాకుళం బోట్ జెట్టీలో ప్రభుత్వ పడవ ఎక్కండి. నాకైతే ఇదే ఇష్టం. కిటికీలకు అద్దాలుండవు, ఉప్పుగాలి మొహానికి కొడుతుంటే ఓడరేవులో నిలబడ్డ పెద్ద ఓడలు చాలా దగ్గరగా కనిపిస్తాయి. ఫోర్ట్ కొచ్చి ఒడ్డున ఉండే చీనా వలల (పెద్ద పెద్ద చేపల వలలు) దగ్గరికి ఎండ తగ్గాకే వెళ్లండి.

శబరిమల నుంచి వస్తూ ఇక్కడ ఆగే స్వాములు ఒకటి చూసుకోవాలి. ఫోర్ట్ కొచ్చి పక్కనే ఉన్న మట్టాంచేరి ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు, అక్కడే ఉన్న యూదుల ప్రార్థనా మందిరానికి శనివారం. ఆ రెండు రోజులూ తప్పించి రైలు టికెట్లు బుక్ చేసుకోండి.