మర్రి ఊడల బొమ్మలో లోతు ఎలా వచ్చిందంటే

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను అంటే నాకు ప్రాణం. దాదాపు 5 ఎకరాల్లో పరుచుకున్న ఒకే చెట్టు, 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. దాన్ని ఇంకు పెన్నుతో గీస్తే ముందు ఊడలు, వెనక ఊడలు అన్నీ ఒకే నలుపులో కలిసిపోయేవి. ఏది దగ్గరో ఏది దూరమో తెలిసేది కాదు.

ఇంకు పని, పెన్సిల్ పని విడదీశాక ఈ చిక్కు తీరింది. ముందు గట్టి మొనతో లేత గీత పడే 2హెచ్ పెన్సిల్‌తో తేలిగ్గా రూపురేఖలు. దగ్గరున్న ఊడలకు మాత్రమే వాటర్‌ప్రూఫ్ ఇంకు. అది బాగా ఆరాకే రబ్బరు, లేకపోతే అలుక్కుపోతుంది. ఆ తర్వాతే వెనక ఊడలకు మెత్తగా, ముదురుగా గీసే 2బి, 4బి పెన్సిళ్లు. ఈ వరస తప్పకూడదు, ఎందుకంటే ముదురు గ్రాఫైట్ (పెన్సిల్ లోపలి నల్ల పదార్థం) మీద ఇంకు సరిగ్గా పట్టదు, పెన్ను మొన కూడా పూడుకుపోతుంది. గ్రాఫైట్‌ని ఎంత రుద్దినా బూడిద రంగులో మెరుస్తుందే గానీ ఇంకంత నల్లబడదు. అందుకే ఆ ఊడలు వెనక్కి జరిగినట్టు కనిపిస్తాయి. ఇంకు ఊడ అంచున సన్నగా తెలుపు వదిలితే అది ఇంకా ముందుకొస్తుంది, ఎంత బావుంటుందో!

ఆకులు ఒక్కొక్కటీ అక్కర్లేదు, నీడ వైపు గుంపులు చాలు. చివర్లో పెన్సిల్ గీతలు చెదరకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే, అదీ ఆరుబయటే. స్ప్రే కొట్టకపోతే స్కెచ్‌బుక్‌లో ఎదురు పేజీకి పెన్సిల్ మసి అంటుకుంటుంది.