జ్యూరిక్ పోతున్న మన సీమ వాళ్ళకు, పోయి వచ్చిన అక్క మాట

మా అనంతపురంలో ఈ మధ్య ఎవరి పిల్లలకు స్విట్జర్లాండ్‌లో ఉద్యోగం వచ్చినా ముందు మా ఇంటికి పంపిస్తున్నారు, "ఆరేండ్లు ఉండి వచ్చినావు కదక్కా, కాస్త చెప్పు" అని. పోయిన వారం కడప నుంచి ఒక కొత్త జంట వచ్చింది. చలికోటు ఇక్కడే కొనాలా అని అడిగారు. అక్కడే కొనుక్కోండి, ఇక్కడ దొరికేవి ఆ చలికి ఆగవు. కానీ వాళ్ళకు నేను చెప్పాల్సినవి చాలావరకు వాళ్ళు వెళ్ళిపోయాక గుర్తొచ్చాయి, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా.

ముందు పోస్టు డబ్బా సంగతి. మన ఊర్లో కరెంటు బిల్లు కట్టకపోతే ఎవరో ఒకరు వచ్చి చెప్తారు, లేదంటే పక్కింటి వాళ్ళు ఫోన్ చేస్తారు. అక్కడ అన్నీ ఉత్తరాలే, అదీ జర్మన్‌లో, ఫోన్ చేసి గుర్తు చేసే వాళ్ళు ఉండరు. బిల్లుకు సాధారణంగా 30 రోజుల గడువు ఉంటుంది. దాటితే మానుంగ్ అని హెచ్చరిక వస్తుంది, దాన్నీ వదిలేస్తే బెట్రైబుంగ్ దాకా పోతుంది, అంటే బాకీదారుగా మీ పేరు రికార్డుకెక్కుతుంది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఓనర్లు మొదట చూసేది ఆ రికార్డే. మేము మొదటి ఏడాది దసరాకు ఇంటికొచ్చి ఐదు వారాలు ఉండి పోయేసరికి, ఒకే ఒక్క చిన్న బిల్లు మీద మూడు ఉత్తరాలు వచ్చి పడున్నాయి. కాబట్టి రోజూ సాయంత్రం డబ్బా తెరవండి, ఉత్తరాన్ని ఫోన్‌తో ఫోటో తీసి అనువాదం చూసుకోండి, ఆ రోజుది ఆ రోజే. ఇంకోటి, డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం రాదు. మన వాళ్ళలో భార్య పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంటుంది చాలామందికి, అందుకని ఇద్దరి ఇంటిపేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి అంటించండి.

దిగిన 14 రోజుల్లోపు, అదీ ఉద్యోగంలో చేరకముందే, మీ ఏరియా క్రైస్‌బ్యూరోకు, అంటే సిటీ వాళ్ళ వార్డు ఆఫీసుకు పోయి పేర్లు నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టు, ఉద్యోగ ఒప్పందం, అద్దె ఒప్పందం, పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు అన్నీ చేతి సంచిలో పెట్టుకోండి, పెద్ద సూట్‌కేసులో వద్దు.

హెల్త్ ఇన్సూరెన్స్ అందరికీ తప్పనిసరి. తీసుకోవడానికి మూడు నెలలు టైమ్ ఇస్తారు గానీ ప్రీమియం మాత్రం దిగిన రోజు నుంచే లెక్క, ఆలస్యం చేస్తే మిగిలేదేమీ లేదు. బేసిక్ పాలసీలో ఏ కంపెనీ అయినా ఇచ్చే వైద్యం ఒకటే, చట్టమే అట్లా ఉంది, కాబట్టి ఏజెంట్ల మాటలకు పడకండి, ప్రభుత్వమే నడిపే ప్రిమ్‌ఇన్ఫో సైట్‌లో ధరలు పోల్చుకోండి. ఫ్రాంచైజ్ అని ఒకటుంటుంది, ఏడాదిలో మొదట మీ జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం అన్నమాట. పెద్దవాళ్ళకు 300 నుంచి 2,500 ఫ్రాంకుల వరకు మీరే ఎంచుకోవచ్చు, ఎక్కువ పెట్టుకుంటే ప్రీమియం తగ్గుతుంది. అది దాటాక కూడా ఖర్చులో 10 శాతం మీదే, ఏడాదికి 700 ఫ్రాంకుల వరకు. డెలివరీ ఖర్చులకు ఈ ఫ్రాంచైజ్, ఈ 10 శాతం ఏవీ మీ మీద పడవు. మామూలు పంటి వైద్యం మాత్రం ఇందులో రాదు. పుచ్చిన పన్ను ఉంటే ఇక్కడే చూపించుకుని ఎక్కండి, ఈ ఒక్క మాట విన్నందుకు నాకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పిన వాళ్ళున్నారు.

ఇక బట్టలు ఉతకడం. చాలా అపార్ట్‌మెంట్లలో వాషింగ్ మెషిన్ ఇంట్లో ఉండదు, కింద సెల్లార్‌లో అందరికీ కలిపి ఒక గది ఉంటుంది, గోడ మీద క్యాలెండర్ వేలాడుతుంటుంది, మీ రోజు మీరు రాసుకోవాలి. మీ టైమ్ అయిపోయేలోపు బట్టలు తీసేయడం ఒక్కటే కాదు, డ్రయ్యర్ జాలీలో బూజులాగా పేరుకున్న నూలును వేళ్ళతో తీసి పారేయాలి, మెషిన్ రబ్బరు చుట్టూ తడి తుడవాలి, మూత కొంచెం తెరిచి పెట్టాలి, నేల మీద నీళ్ళుంటే తోసేయాలి. నాకు ఇవేవీ తెలీవు. రెండో వారం మెషిన్ మీద చిన్న చీటీ, అందంగా రాసి, కింద సంతకం పెట్టి ఉంది. అనువాదం చూస్తే "దయచేసి జాలీ శుభ్రం చేయండి" అని. ఆ సాయంత్రమే పై అంతస్తు పెద్దావిడ తలుపు కొట్టి సారీ చెప్పి, ఎట్లా చేయాలో చూపించమని అడిగాను. ఆవిడ కిందికి వచ్చి పది నిమిషాలు నిలబడి అన్నీ నేర్పించింది, ఆ తర్వాత ఆరేళ్ళూ మాకు ఉత్తరాలు అర్థం కాకపోతే ఆవిడే దిక్కు. చీటీ వస్తే చిన్నబుచ్చుకోకండి, వెళ్ళి మాట్లాడండి.

రాత్రి పది నుంచి పొద్దున ఏడు వరకు, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట వరకు, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. దోసెపిండి రాత్రి మిక్సీకి వేయకండి, సాయంత్రమే వేసుకోండి. ఆదివారం గోడకు మేకు కొట్టడం అస్సలు వద్దు. దుకాణాలు కూడా ఆ రోజు మూతే, మెయిన్ రైల్వే స్టేషన్, ఎయిర్‌పోర్టు లాంటి చోట్ల ఉన్నవి తప్ప.

చెత్తకు త్సూరి జాక్ అనే సిటీ సంచులే వాడాలి, సూపర్‌మార్కెట్ బిల్లింగ్ దగ్గర అడిగితే ఇస్తారు. చెత్త పన్ను ఆ సంచి ధరలోనే కలిసి ఉంటుంది. మామూలు కవర్లో కట్టి పెడితే లోపల వెతికి, మీ పేరున్న కవరు దొరికిందంటే జరిమానా పంపిస్తారు, మాకు పంపించారు కూడా. పేపర్లు తాడుతో కట్టి వాళ్ళు చెప్పిన రోజు బయట పెట్టాలి, ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు దుకాణంలో వెనక్కి వేయాలి.

తిండి విషయానికొస్తే నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి సూట్‌కేసులో పెట్టకండి. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళనివ్వరు, పచ్చి కరివేపాకు కూడా అంతే. చెనిక్కాయల పొడి, మిరపపొడి, గోంగూర పచ్చడి, రాగిపిండి హాయిగా పట్టుకెళ్ళండి. 2025 నుంచి మనిషికి 150 ఫ్రాంకుల విలువ దాటితే పన్ను కట్టాలి, అది చూసుకోండి. కరివేపాకు, మునక్కాయలు లాంగ్‌స్ట్రాస్సె చుట్టుపక్కల శ్రీలంక తమిళుల అంగళ్ళలో దొరుకుతాయి. తాలింపు పెట్టేటప్పుడు చిమ్నీ వేయండి, దాని జాలీ నెలకోసారి కడగండి, ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనర్ దాన్ని విప్పి చూస్తాడు. అద్దె డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు, అది మీ పేరు మీదే బ్యాంకులో ఉంటుంది.

నీళ్ళు కొనకండి. కుళాయి నీళ్ళు నేరుగా తాగచ్చు. ఊర్లో 1,200కు పైగా ఫౌంటెన్లు ఉన్నాయి, "తాగరాదు" అని బోర్డు లేకపోతే ఏ దానికైనా బాటిల్ పట్టుకోవచ్చు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మా అమ్మ అక్కడికి వచ్చినప్పుడు వీధిలో రాత్రీ పగలూ పారుతున్న నీళ్ళ దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. కట్టేసేవాళ్ళు లేరా అని రెండుసార్లు అడిగింది.

ట్రామ్ ఎక్కకముందే టికెట్ తీసుకోండి, టికెట్ లెక్కలో సిటీ మొత్తం 110వ జోన్. చెకింగ్ వాళ్ళు మామూలు బట్టల్లో కూడా వస్తారు. రైళ్ళు ఎక్కువ ఎక్కేవాళ్ళు హాల్బ్‌టాక్స్ కార్డు తీసుకోండి, 190 ఫ్రాంకులు, ఏడాదంతా దాదాపు అన్ని టికెట్లూ సగం ధరకే.

జర్మన్ నేర్చుకుని పోయినా మొదట ఏమీ అర్థం కాదు, కంగారుపడకండి. పుస్తకాల తెలుగు నేర్చుకున్న మనిషిని మన సంతలో నిలబెట్టి "యాడికి పోతాండావప్పా" అంటే ఎట్లుంటుందో అట్లాంటిదే. రాసేది ఒక జర్మన్, మాట్లాడేది ఇంకో జర్మన్. లిఫ్టులో, మెట్ల మీద, అంగట్లో ఎవరు కనపడినా "గ్రూట్సి" అనండి, మన నమస్కారం లాంటిది, చాలు.

నవంబర్ నుంచి రోజుల తరబడి మబ్బు కప్పేసి ఉంటుంది, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. మన ఎండలో పుట్టిన వాళ్ళకు ఇది చలికంటే కష్టం. అట్లాంటి రోజు మెయిన్ స్టేషన్‌లో ఎస్10 రైలెక్కి ఊట్లిబెర్గ్ కొండకు పోండి, అరగంట కూడా పట్టదు, 870 మీటర్ల ఎత్తు. చాలాసార్లు పొగమంచు కిందనే ఆగిపోయి పైన ఎండ కాస్తుంటుంది.

ఫిబ్రవరి మొదటి బుధవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు దేశమంతా సైరన్లు మోగుతాయి. నేను పాపను ఎత్తుకుని చెప్పుల్లేకుండా మెట్లు దిగాను. అది ఏటా చేసే పరీక్ష మాత్రమే, ఇంట్లోనే ఉండండి. నిజంగా అవసరమైతే అంబులెన్స్‌కు 144, పోలీసులకు 117, ఫైర్‌కు 118. దిగిన రోజే ఫ్రిజ్ మీద రాసి అంటించండి.