వేర్వేరు స్క్రీన్లపై డెస్క్‌టాప్ ఆటోమేషన్ టెస్టులు: రన్ కొట్టే ముందు జాగ్రత్తలు

• అన్నిటికంటే ముందు స్కేలింగ్ (స్క్రీన్‌పై అక్షరాలు, బటన్లు ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే సెట్టింగ్) చూడండి. విండోస్‌లో 100 శాతం అంటే 96 డీపీఐ (అంగుళానికి చుక్కలు), 125 అంటే 120, 150 అంటే 144. విండో మాగ్జిమైజ్‌లో ఉన్నా, 100 శాతంలో (400, 300) దగ్గరున్న బటన్ 125లో దాదాపు (500, 375)కి జరుగుతుంది. మన బదులు క్లిక్‌లు చేసే టెస్ట్ స్క్రిప్ట్ మాత్రం పాత చోటే, ఖాళీ జాగాలో క్లిక్ చేసి ఏ ఎర్రరూ ఇవ్వకుండా ముందుకు పోతుంది. ఇదే అసలు ప్రమాదం. కోఆర్డినేట్లు వదిలేసి ఆటోమేషన్ ఐడీతో (ప్రోగ్రామ్‌లో బటన్‌కి పెట్టిన గుర్తింపు పేరుతో) బటన్‌ని పట్టుకోండి.

• టెస్ట్ నడిపే ప్రోగ్రామ్ డీపీఐ అవేర్‌గా, అంటే స్కేలింగ్‌ని తానే గుర్తించేలా ఉండాలి. లేకపోతే విండోస్ దానికి అసలు పిక్సెళ్లు కాక, స్కేలింగ్‌తో భాగించిన కొలతలు చెబుతుంది.

• స్కేలింగ్ మార్చాక సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. కొన్ని పాత అప్లికేషన్లు అప్పటిదాకా మసకగానే కనిపిస్తాయి.

• 1920 పిక్సెళ్ల రెండో మానిటర్ ప్రైమరీకి ఎడమవైపు ఉంటే దాని ఎక్స్ విలువ -1920 నుంచి మొదలవుతుంది. మైనస్ విలువను తప్పుగా భావించే కోడ్ ఉంటే ముందే సరిచేయండి.

• రిమోట్ డెస్క్‌టాప్ విండోని మినిమైజ్ చేయొద్దు, డిస్‌కనెక్ట్ అసలే వద్దు. స్క్రీన్ గీయడం ఆగిపోయి స్క్రీన్‌షాట్లు నల్లగా వస్తాయి.

• స్క్రీన్ లాక్, స్లీప్, నోటిఫికేషన్లు ఆఫ్.

• బొమ్మలు పోల్చే టెస్టులకు ఒక్కో స్కేలింగ్‌కి విడి బేస్‌లైన్ (పోల్చడానికి పెట్టుకున్న సరైన బొమ్మ) ఉంచండి. టెక్స్ట్ బాక్సులో మిణుకుమనే కర్సర్ గీత కూడా పోలికను చెడగొడుతుంది. ఆ భాగాన్ని మాస్క్ చేయండి, అంటే పోలికలోంచి తప్పించండి.

• ప్రతి రన్ లాగ్‌లో మొదటి లైనుగా రిజల్యూషన్, స్కేలింగ్, మానిటర్ల సంఖ్య రాయించండి.